తెర ఎత్తకూడని పరీక్ష

మా విశ్వవిద్యాలయంలో పాఠాలు ఎలా జరుగుతాయో నన్నడక్కండి గానీ, పరీక్షలు మాత్రం దివ్యంగా జరుగుతాయి. వాన పడితే పాఠాలు ఆగుతాయి, పరీక్షలు ఆగవు. పరీక్షల విభాగానికి రెండంతస్తుల భవనముంది, ఏసీ గదులున్నాయి, గేటు దగ్గర పెద్ద మీసాల కాపలాదారు ఉన్నాడు. మా రంగస్థల కళల శాఖకి ఒక రేకుల షెడ్డు, అందులో ఒక వేదిక, ఆ వేదికకి ఒక మెరూన్ రంగు తెర ఉన్నాయి. ఆ శాఖకి నేను అధిపతిని. నా కింద మరో అధ్యాపకుడు లేకపోవడం వల్ల నా ఆధిపత్యానికి ఇంతవరకూ ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఆ ఏడు ఎవరో పెద్దలకి ఫిర్యాదు పంపారు, ప్రాక్టికల్ పరీక్షల్లో మొహం చూసి మార్కులు వేస్తున్నారని. అందులో అబద్ధమేమీ లేదు. వెంటనే పరీక్షల నియంత్రణాధికారి వేమగిరి దక్షిణామూర్తి గారు రంగంలోకి దిగారు. ఆయన చెడ్డవారని నేననను. లంచం ముట్టరు, సిఫారసు వినరు. సొంత మేనల్లుడు పరీక్షకి ఆలస్యంగా వచ్చాడని గేటు బయటే నిలబెట్టి పంపేసిన మనిషి. లంచగొండితో ఎలాగోలా వేగవచ్చు గానీ, చేతిలో నిబంధనల పుస్తకమున్న నిజాయితీపరుడితో వేగడం నా వల్ల కాదు.

ఆయన "ముఖరహిత మూల్యాంకనం" అనే పద్ధతిని ప్రవేశపెట్టారు. ఇకపై ఏ ప్రాక్టికల్ పరీక్షలోనూ అభ్యర్థి మొహం పరీక్షకుడి కంట పడకూడదు. కెమిస్ట్రీ వాళ్లు బల్లల మధ్య అట్టలు కట్టుకున్నారు. సంగీతం వాళ్లు దుప్పటి అడ్డం పెట్టుకుని పాడారు. వ్యాయామ శాఖలో పరుగు పందెం పిల్లలకి తలమీద సంచులు తొడిగితే ఇద్దరు వెళ్లి ప్రహరీగోడని గుద్దుకున్నారట. అయినా మార్కులు మాత్రం నిష్పక్షపాతంగా పడ్డాయని అందరూ మెచ్చుకున్నారు.

ఆ తర్వాత మా వంతు వచ్చింది. నా సంగతికేం, పదవీ విరమణకి దగ్గర పడ్డవాణ్ణి. నా బెంగంతా నూకరత్నం గురించి.

నూకరత్నం వాళ్లది పిఠాపురం. వాళ్ల నాన్నకి టెంటు హౌసు ఉంది. నాటకాల చదువేమిటని మొదట్లో గోల చేసినా, చివరికి ఒక మాట మీద ఒప్పుకున్నాడు. కోర్సయ్యేసరికి ఉద్యోగం వచ్చిందా సరే, లేదా నోరు మూసుకుని వచ్చి టెంటు హౌసులో కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిచ్చుకుంటూ కూర్చోవాలి. ఆ పిల్ల అదృష్టం బాగుండి ఒక గురుకుల పాఠశాల వాళ్లు పిల్లలకి నాటకం నేర్పే ఉద్యోగానికి ఎంపిక చేశారు. బళ్లు తెరిచేలోగా పాసైనట్టు కాయితం చూపించాలన్నారు. మళ్లీ ఏడాది దాకా పరీక్ష లేదు. ఈసారి తప్పితే ఇక షామియానాలే.

నూకరత్నం పుట్టు నటి. వేదిక ఎక్కితే ఆ పిల్ల కనపడదు, పాత్రే కనపడుతుంది. లేనిదల్లా జ్ఞాపకశక్తి. రిహార్సల్స్‌లో కనీసం మూడు నాలుగు చోట్ల మాట మరిచిపోయి తెర పక్కకి చూసేది. అక్కడ మా అటెండరు పుస్తకం పట్టుకుని నిలబడి మాట అందించేవాడు. ఆ అందింపు ఉన్నంతసేపూ నాకు ఏ దిగులూ లేదు.

దక్షిణామూర్తి గారు నన్ను తన గదికి పిలిపించారు.

"పరదేశి గారూ, తమ శాఖలో పరీక్ష ఏ విధంగా నిర్వహించబడుతుందో సవివరంగా సెలవివ్వండి" అన్నారు.

చెప్పాను. గంటసేపు నడిచే నాటిక. రెండే పాత్రలు. ఒక పూటకూళ్ల ముసలమ్మ. కళ్లు సరిగా కనపడవు, చేతులు మాత్రం వండుతూనే ఉంటాయి. పట్టపగలు, భోజనాల వేళ దాటాక, ఆమె ఇత్తడి గిన్నెలు ఎత్తుకుపోదామని ఒక దొంగ లోపలికి వస్తాడు. ముసలమ్మ ఆ చప్పుడు విని, ఒకప్పుడు తన దగ్గర భోంచేసి చదువుకున్న సూరిబాబు అనే కుర్రాడు వచ్చాడనుకుంటుంది. కూర్చోబెట్టి అన్నం పెడుతుంది. నేనే రాశాను. రాసిన నాకే ఒక్కోసారి కళ్లు చెమరుస్తాయి.

ఆయన కళ్లు చెమర్చలేదు. ఈ నాటిక విద్యార్థుల చేతికి ఎప్పుడు ఇచ్చారని అడిగారు. నాలుగు నెలలుగా సాధన చేయిస్తున్నానని గర్వంగా చెప్పాను. ఆయన కలం కింద పెట్టేశారు.

"అంటే ప్రశ్నపత్రం నాలుగు నెలల క్రితమే బహిర్గతమైందన్నమాట."

అది ప్రశ్నపత్రం కాదు, వాళ్లు వేదిక మీద చెప్పాల్సిన మాటలు అన్నాను.

"అయితే జవాబులు కూడా బహిర్గతమయ్యాయి" అన్నారాయన, మరింత దిగులుగా.

అక్కణ్ణుంచి ఆయన అడుగుతూ పోయారు, నేను మునుగుతూ పోయాను. దొంగ ఎప్పుడు వస్తాడని అడిగితే, నాటిక మొదలైన ముప్పావు గంటకి అన్నాను. అరగంట దాటాక ఏ అభ్యర్థినీ హాల్లోకి రానివ్వమని ఆయన నిబంధన చూపించారు. కనుక దొంగ మొదటినుంచే వేదిక మీద కూర్చుని ఉండాలి. ముసలమ్మకి ఎలాగూ కళ్లు కనపడవు కదా, ఇబ్బందేమిటన్నారు. దొంగ చేతిలో గునపం ఉంటుందంటే, పెన్ను, పెన్సిలు, స్కేలు తప్ప ఇతర పరికరాలు తేరాదన్నారు. అన్నం తినుబండారం కాబట్టి కుదరదు, ఖాళీ గిన్నె, గరిటె, కంచం, గ్లాసు మాత్రం వేదిక సామాను కింద ఉండనిచ్చారు. మంచినీళ్లయితే పారదర్శకమైన సీసాలో తెచ్చుకోవచ్చు.

పాత్రలు రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయని తెలిసినప్పుడు మాత్రం ఆయన నిజంగా నొచ్చుకున్నారు. ముప్పై ఏళ్ల సర్వీసులో, పరీక్ష హాల్లో ఇద్దరు అభ్యర్థులు గంటసేపు మాట్లాడుకోవడం, దానికి మార్కులు వేయడం ఆయన వినలేదట. చాలాసేపు ఆలోచించి ఒక దారి కనిపెట్టారు. ఇద్దరూ వేర్వేరు బెంచీల మీద, ఒకే దిక్కుకి తిరిగి కూర్చుంటారు. ముసలమ్మ తన మాట ఇన్విజిలేటరుకి చెబుతుంది. దొంగ తన జవాబు ఇన్విజిలేటరుకి చెబుతాడు. ఆ విధంగా పరస్పర సంభాషణ జరగనట్టే.

ఇంత జరిగాక కూడా నేను నోరు మూసుకోలేదు. పిల్లలెవరైనా మాట మరిచిపోతే అందించడానికి తెర పక్కన ప్రాంప్టరు ఉంటాడని, అది నాటకాల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతని చెప్పాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"అభ్యర్థి మరిచిపోయిన జవాబును చాటుగా నిలబడి అందించే వ్యక్తి" అని ఆయన నెమ్మదిగా, ఒక్కొక్క పదమే రాసుకున్నారు. "ఇతనికి తమ శాఖ జీతం కూడా చెల్లిస్తోందా?"

చెల్లిస్తోందని ఒప్పుకున్నాను. ఎవరైనా మాట అందిస్తే ఆ అభ్యర్థిని డిబార్ చేస్తామని, అందించినవాడి ఉద్యోగం ఊడుతుందని ఆయన అక్కడే ఉత్తర్వు రాశారు. పైగా నాటిక ప్రతి తన స్వాధీనంలో ఉంచుకుని, పరీక్ష రోజున స్వయంగా పక్కన నిలబడి, అభ్యర్థులు సిలబస్‌లో లేని మాట ఏదైనా అంటున్నారేమో అక్షరం అక్షరం సరిచూస్తానన్నారు.

ఇక మిగిలింది మొహం. ముసుగులు వేద్దామా, మొహాలకి ఒకే రంగు పూద్దామా అని ఆయన తర్జనభర్జన పడుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

"అంత అవస్థ ఎందుకండీ, అసలు తెరే ఎత్తకుండా ఆడించేస్తే సరి" అన్నాను.

నేను వెటకారంగానే అన్నాను. ఆయన రాసుకున్నారు. రాసుకుని, కుర్చీలోంచి లేచి వచ్చి నాకు కరచాలనం చేశారు. ఒక శాఖాధిపతి ఇంత నిర్మాణాత్మకంగా సహకరించడం తన అనుభవంలో ఇదే మొదటిసారన్నారు.

నూకరత్నానికి విషయం చెప్పాను. తెర ఎత్తకపోయినా పర్వాలేదంది. బెంచీ మీద కూర్చోమన్నా కూర్చుంటానంది. ప్రాంప్టరు లేడన్న మాట దగ్గరే ఆగిపోయింది. దొంగ వేషం వేసే సత్తిపండు ధైర్యం చెప్పబోయాడు గానీ, వాడికి ఉన్నవి పాతిక మాటలు, వాడి ధైర్యం ఆ పిల్లకేం సరిపోతుంది.

"మా నాన్న కొత్త షామియానాలు కొన్నాడండి సార్" అంది చివరికి. "బోర్డు మీద నా పేరు కూడా రాయించాడంట."

ఆ మాట విన్నాక నేను ఇంటికి వెళ్లి అన్నం సరిగా తినలేకపోయాను.

పరీక్ష రోజు రానే వచ్చింది. బయటి విశ్వవిద్యాలయం నుంచి పరీక్షకురాలిగా డాక్టర్ మేరీ కరుణ గారు వచ్చారు. నలభై ఏళ్లు వేదిక మీద గడిపిన మనిషి. దించి ఉన్న తెర ముందు రెండు కుర్చీలు వేశారు. ఒకటి ఆవిడకి, ఒకటి నాకు. నాకు అభ్యర్థుల గొంతులు తెలుసు కాబట్టి చెవుల్లో దూది పెట్టుకోమన్నారు. పెట్టుకున్నాను. మా షెడ్డులో ఎంత దూది పెట్టుకున్నా అన్నీ వినపడతాయి.

"ఇది నాటకం పరీక్షా, రేడియో పరీక్షా అండీ?" అని ఆవిడ నన్నడిగారు. చేతిలో మార్కుల కాయితం ఉంది. అందులో ముఖాభినయానికి పాతిక మార్కులున్నాయి. తెర దించి ఉండగా అవి ఎలా వెయ్యాలని ఆవిడ దక్షిణామూర్తి గారిని అడిగితే, అందరికీ సగటు వేయవచ్చని ఆయన ఉదారంగా అనుమతిచ్చారు.

తెర వెనక ఏర్పాట్లన్నీ ఆయనే చూసుకున్నారు. రెండు బెంచీలు వేయించారు. ముసలమ్మ చీర మీద, దొంగ చొక్కా మీద బార్‌కోడ్లు అంటించారు. స్టాటిస్టిక్స్ లెక్చరర్ని ఇన్విజిలేటరుగా మధ్యలో నిలబెట్టారు. తను నాటిక ప్రతి తీసుకుని, వెలుతురు సరిగా పడే చోటు వెతుక్కుని, తెర పక్కన ఒక మూల నిలబడ్డారు. మా అటెండరు ఇన్నాళ్లూ నిలబడింది సరిగ్గా అక్కడే. వేదిక మీది మాటలు స్పష్టంగా వినపడేది, వేదిక మీదివాళ్లకి మాట అందేది ఆ ఒక్క మూలలోనే మరి.

గంట కొట్టారు. తెర అలాగే ఉంది. వెనకనుంచి నూకరత్నం గొంతు లేచింది.

మొదట్లో గొంతు బిగుసుకుపోయి ఉంది. మాట ఇన్విజిలేటరుకి చెప్పడం, ఆయన గొంతు సవరించుకోవడం మాకు వినపడుతూనే ఉన్నాయి. కాసేపటికి గొంతు వదులైంది. ముసలమ్మ పొయ్యితో మాట్లాడింది, చారుతో మాట్లాడింది, తన దగ్గర తిని పెద్దవాళ్లైపోయిన కుర్రాళ్లని పేరు పేరునా తలుచుకుంది. ఒక్క మాట తడబడలేదు. నేను కుర్చీ అంచుకి జరిగాను. మేరీ కరుణ గారు కళ్లు మూసుకుని వింటున్నారు.

ముప్పావు గంట గడిచింది. మొదటినుంచీ అక్కడే కూర్చున్న దొంగ అప్పుడే వచ్చినట్టు దగ్గాడు. ముసలమ్మ పోల్చుకుంది. రా, కూర్చో అంది. ఆ తర్వాత నేను రాసిన మాట ఇది. "తిను నాయనా సూరిబాబూ, నీ పేరు నేను మరుస్తానా." మామూలు మాట. ఎవరైనా గుక్క తిప్పుకోకుండా చెప్పేయవచ్చు.

"తిను నాయనా..." అంది నూకరత్నం. అని ఆగింది.

దూది పీకి పారేశాను.

"నీ పేరు... ఉండు నాయనా... నీ పేరు నేను మరుస్తానా..."

మాట తిరగబడిపోయింది. పేరు ఎగిరిపోయింది. తెర వెనక నిశ్శబ్దం. నాకు పిఠాపురంలో ఆ బోర్డు కళ్ల ముందు కనపడింది. తెరలోకి దూరి ఆ పేరు నేనే అరిచేద్దామా అనిపించింది. అరిస్తే ఆ పిల్ల డిబార్, అరవకపోతే ఫెయిల్. లేచి నిలబడి మళ్లీ కూర్చున్నాను. గిన్నె మీద గరిటె ఒకసారి తగిలిన చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడు తెర పక్కనుంచి ఒక మగగొంతు వినపడింది. గుసగుసే గానీ, ఆ మూలనుంచి ఎంత మెల్లగా అన్నా షెడ్డంతా వినపడుతుంది.

"సూరిబాబు... సూరిబాబు అనమ్మా..."

జవాబు లేదు.

"సూరిబాబు తల్లీ. సూరిబాబు" అని ఆ గొంతు బతిమాలింది.

ఇంతలో తనిఖీ దళం వచ్చింది. దళానికి నాయకుడు మా ఫిజికల్ డైరెక్టర్ భూపతిరాజు గారు. గుమ్మంలో అడుగుపెడుతూనే ఆయన చెవిన పడింది ఆ గుసగుస. చాటుగా ఎవరో మాట అందిస్తున్నారు. దొంగ దొరికాడన్న ఉత్సాహంలో ఆయన నిబంధనలన్నీ మరిచిపోయి, రెండంగల్లో వెళ్లి తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. తెర పైకి లేచింది.

మేము చూసిన దృశ్యం ఏ నాటకంలోనూ చూడలేదు. బెంచీలు రెండూ ఖాళీ. సత్తిపండు నేలమీద బాసింపట్టు వేసుకుని ఖాళీ కంచం ముందు కూర్చున్నాడు. నూకరత్నం అతని ఎదురుగా కూలబడి, రెండు చేతులతో అతని మొహం తడుముతోంది. ఆ పిల్ల మొహంలో ఉన్నది నేను వర్ణించలేను. ఇంతమందికి అన్నం పెట్టి, ఒక్కడి పేరు మరిచిపోయానే అన్న సిగ్గు అది. సంభాషణ తన ద్వారా నడిపించాల్సిన స్టాటిస్టిక్స్ లెక్చరరు గొంతుక్కూర్చుని పారదర్శకమైన సీసాలోంచి కంచం పక్కన గ్లాసులోకి నీళ్లు పోస్తున్నాడు. పక్క మూలలో పరీక్షల నియంత్రణాధికారి దక్షిణామూర్తి గారు, చేతిలో నాటిక, మెడ ముందుకి చాచి, కళ్లనిండా నీళ్లతో నిలబడి ఉన్నారు.

తెర లేచిన సంగతి నూకరత్నం పట్టించుకోలేదు. తొందర పడలేదు. దొంగ చెంప మీద వేళ్లు ఆగాయి.

"ఆఁ" అంది మెల్లగా. "సూరిబాబువి కదూ."

"అవునమ్మా" అన్నాడు దొంగ. ఆ మాట నేను రాసిందే, కానీ అంత బాగా నేను రాయలేదు.

మిగతా పావుగంటా తెర ఎత్తే ఉంది. దించమని చెప్పాల్సిన ఆయన చెప్పే స్థితిలో లేరు.

నాటిక అయ్యాక భూపతిరాజు గారు తేరుకుని అక్రమాల ఫారం బయటికి తీశారు. అభ్యర్థికి చాటుగా జవాబు అందించబడింది, అందించిన వ్యక్తి ప్రత్యక్షంగా పట్టుబడ్డారు. నిబంధన ప్రకారం అభ్యర్థిని డిబార్, అందించిన వ్యక్తి ఉద్యోగం ఊస్ట్. రాయక తప్పదని ఆయన చాలా విచారంగా చెప్పారు. దక్షిణామూర్తి గారు కళ్లు తుడుచుకుని, రాయవలసిందేనన్నారు. తనకోసం నిబంధన మార్చనన్నారు. చెప్పానుగా, నిజాయితీపరులు.

మేరీ కరుణ గారు అడ్డం పడ్డారు. ఆ పిల్ల నిజంగా మరిచిపోతేనే కదా సహాయం అందినట్టు, ముందు ఆ సంగతి తేల్చమన్నారు. అందరూ నూకరత్నం వైపు తిరిగారు. ఆ పిల్ల ఉద్యోగం, ఆయన ఉద్యోగం, రెండూ ఇప్పుడు ఆ ఒక్క జవాబు మీదే నిలబడ్డాయి.

"నిజం చెప్పమ్మా" అన్నారు దక్షిణామూర్తి గారు. "పేరు మరిచిపోయావా, లేదా?"

"మరిచిపోయింది ఆ ముసలమ్మండి" అంది నూకరత్నం. "నేను కాదండి."

ఆ పిల్లే మళ్లీ చెప్పింది.

"ప్రాంప్టరు ఉండడన్నారు కదండి, భయమేసి మొత్తం బట్టీ పట్టేశాను. బట్టీ పట్టాక ఆ మాట కాడికొస్తే, అంత ముసల్ది, ఇన్ని వందల మందికి పెట్టింది, టక్కుమని పేరెలా చెప్తుందీ అనిపించిందండి. అందుకని కాసేపు వెతుక్కున్నాను. సార్ అందిస్తానే ఉన్నారు, నాకు వినపడతానే ఉంది. నేనే అందుకోలేదండి."

దక్షిణామూర్తి గారు ఖాళీగా ఉన్న బెంచీ మీద కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వారు. ఆయన నవ్వడం విశ్వవిద్యాలయంలో అదివరకు ఎవరూ చూడలేదు. ఆయన వెంట వచ్చి గుమ్మం బయట నిలబడ్డ మీసాల కాపలాదారు కంగారు పడి లోపలికి వచ్చాడు.

అయినా భూపతిరాజు గారికి కాయితం కావాలి. దక్షిణామూర్తి గారే తన చేతిరాతతో వాంగ్మూలం రాశారు. "అభ్యర్థిని మాట మరిచినదని నేను పొరబడితిని. ఆమె మరువలేదు. మరిచినట్లు నటించి నన్ను సంపూర్ణముగా మోసగించినది." మేరీ కరుణ గారు ఆ కాయితం చదివి, నటనకి ఇంతకంటే సాక్ష్యం తనకి అక్కర్లేదని, ముఖాభినయానికి సగటు కొట్టేసి పాతికకి పాతిక వేశారు.

నూకరత్నం పాసైంది. గురుకుల పాఠశాలలో చేరింది. వాళ్ల నాన్న బోర్డు మీద కూతురి పేరు చెరిపించడానికి మనసొప్పక, కింద "నాటకాల టీచరు గారి తండ్రి" అని తన పేరు కూడా రాయించుకున్నాడు. ఆయన్ని నేను తర్వాత ఒకసారి కలిశాను. కూతురు వేసిన ముసలమ్మ వేషం ఎలా ఉంటుందో చూపించమని నన్నడిగాడు. నాకు చేతకాదని చెప్పాను.

కొత్త విద్యా సంవత్సరం మొదట్లో పరీక్షల విభాగం నుంచి మా శాఖకి సవరించిన నిబంధన వచ్చింది. కమిటీ వేశారట, ఆరుసార్లు సమావేశమయ్యారట. దాన్ని నోటీసు బోర్డు మీద అంటించాను. "రంగస్థల పరీక్షలలో ఇకపై తెర ఎత్తవచ్చును. పాత్రలు పరస్పరము మాట్లాడుకొనవచ్చును. అయితే, పరీక్షా విధులలో ఉన్న అధికారులు నిజమని భ్రమపడునంత సహజముగా నటించుట అక్రమ చర్యగా పరిగణింపబడును."

ఈ ఏడు మా పిల్లలందరూ ఆ నిబంధనని ఎలాగైనా ఉల్లంఘించాలని పట్టుదలగా సాధన చేస్తున్నారు.